లైనర్లు మార్చిన వారానికే లారీ బ్రేకులు మళ్లీ కీచుమంటే

ప్రశ్న ఇదీ: పదిహేనేళ్లు దాటిన లారీ. గాలి ఒత్తిడితో పడే ఎయిర్ బ్రేకులు, అన్ని చక్రాలకూ డ్రమ్ములే (చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నెలు). నెల కిందట వెనక యాక్సిల్‌కు కొత్త లైనర్లు (డ్రమ్ముకు లోపల ఒరుసుకుని బండిని ఆపే ముక్కలు) వేయించారు. వారం రోజులు చప్పుడు లేదు. ఆ తర్వాత బండి ఆగబోయే ముందు, ఆఖరి పది పదిహేను అడుగుల్లో, వెనక నుంచి సన్నగా కీచుమనడం మొదలైంది. డ్రమ్ము ఊడదీసి లైనర్‌కు ఎమెరీ కాగితం పట్టిస్తే మూడు రోజులు ఆగి మళ్లీ వచ్చింది. లైనర్లు నాసిరకమా, మళ్లీ మార్చాలా?

ఇప్పుడే మార్చకండి. మారిస్తే చప్పుడు ఇంకో వారం ఆగుతుంది, అంతే. పాత లారీలో కీచుకు లైనర్ ఒక్కటే కారణం కావడం అరుదు. లైనర్‌ను మోసే షూ, షూని పట్టి ఉంచే పిన్నులూ స్ప్రింగులూ, దాన్ని తోసే క్యామూ, దాని చుట్టూ తిరిగే డ్రమ్మూ, వీటిలో ఎక్కడో వదులు గానీ వంకర గానీ ఉంటుంది. కొత్త లైనర్ ఆ లోపాన్ని కొన్నాళ్లు కప్పిపెడుతుంది.

కీచు అంటే వణుకు. లైనర్ డ్రమ్ము మీద ఒకే తీరున జారకుండా పట్టుకుని వదులుతూ, మళ్లీ పట్టుకుని వదులుతూ ఉంటుంది. సెకనుకు వందల సార్లు, ఒక్కోసారి వేల సార్లు జరిగే ఆ పని డ్రమ్మును మోగిస్తుంది. ఫిడేలు కమాను తీగను మోగించేదీ ఇలాగే. వేగం బాగా తగ్గినప్పుడు లైనర్ పట్టు పెరుగుతుంది కాబట్టి ఈ పట్టు-విడుపు ఆట ఆఖరి అడుగుల్లోనే జోరుగా సాగుతుంది. ఈ గుణం ప్రతి బ్రేకులోనూ కొంత ఉంటుంది. భాగాలన్నీ బిగువుగా, లైనర్ ముఖమంతా సమంగా తగిలేలా ఉన్నంతకాలం అది చెవిదాకా రాదు.

మీరు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది. ఎమెరీ పట్టిస్తే మూడు రోజులు ఆగిందంటే లైనర్ ముఖం మీద గాజు పొర కడుతోందని. లైనర్ మొత్తం కాక ఏదో ఒక ముక్క మాత్రమే డ్రమ్ముకు తగులుతుంటే వేడంతా ఆ ముక్క మీదే పడుతుంది. లైనర్‌ను కలిపి ఉంచే రెజిన్ అక్కడ పైకి తేలి గట్టిపడి మెరుస్తుంది. ఎమెరీ ఆ పొరను గీకేస్తుంది గానీ, ముక్క మాత్రమే తగలడాన్ని మార్చలేదు. కాబట్టి వెతకాల్సింది లైనర్ ఎందుకు సమంగా తగలడం లేదన్నది.

ముందు ఏ చక్రమో, ఏ చప్పుడో

క్యాబిన్‌లో కూర్చుంటే వెనక చప్పుడంతా ఒకే చోటు నుంచి వస్తున్నట్టే ఉంటుంది. ఖాళీ స్థలంలో బండిని నడక వేగంతో పోనిచ్చి, మెల్లగా బ్రేకు వేస్తూ, ఒకరిని పక్కన కాస్త దూరంగా నడవమనండి. రెండు వైపులా రెండేసి సార్లు చేస్తే తేలిపోతుంది. ఆ తర్వాత ఓ పాతిక ముప్పై కిలోమీటర్లు తిప్పి తెచ్చి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో ఒక్కో డ్రమ్ము వేడి చూడండి. చేత్తో ముట్టుకోవద్దు, చర్మం ఊడుతుంది. ఒకే యాక్సిల్‌లో ఒక డ్రమ్ము 90 డిగ్రీలు, రెండోది 150 ఉంటే రెండోది పట్టేసి ఉంది, లేదా మొదటిది పని చేయక దాని భారం కూడా రెండోదే మోస్తోంది. కీచుమనే చక్రం చెడిపోయిన చక్రమే కానక్కర్లేదు. చల్లగా, చప్పుడు లేకుండా ఉన్న పక్క చక్రమే అసలు దోషి అయ్యే సందర్భాలు చాలానే ఉంటాయి.

చప్పుడు తీరు కూడా చెబుతుంది. సన్నటి, ఆగని కీచు గాజు పొర వల్లో వదులు వల్లో వస్తుంది. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒకసారి "కీచ్... కీచ్" అంటే డ్రమ్ము గుండ్రం తప్పింది, లేదా దాని మీద గట్టి మచ్చలున్నాయి. గరగరమని ఇనుము ఇనుమును గీసినట్టుంటే లైనర్ అయిపోయి, దాన్ని షూకి బిగించిన రివెట్లు డ్రమ్మును కోస్తున్నాయి. ఆ బండిని ఇక నడపకూడదు. బ్రేకు వేయకపోయినా వస్తుంటే బేరింగో, డ్రమ్ముకు తగులుతున్న దుమ్ము రేకో, వెనక్కి రాని షూనో. బ్రేకు వేసినప్పుడూ, గతుకులో పడ్డప్పుడూ ఒకే రకంగా కిర్రుమంటే బ్రేకుల జోలికి వెళ్లకండి, బండి బరువు మోసే పట్టీల (లీఫ్ స్ప్రింగుల) పిన్నుల్లో గ్రీజు ఎండిపోయింది. రాత్రి వాన పడి, పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకు మాత్రమే కీచుమంటే అది డ్రమ్ము మీద పట్టిన పలచటి తుప్పు. దానంతట అదే పోతుంది, దానికి ఏమీ చేయక్కర్లేదు.

విప్పకముందే చేసే కొలతలు

చాలామంది నేరుగా చక్రం విప్పేస్తారు. విప్పాక కొలవలేనివి కొన్ని ఉన్నాయి.

టైర్లకు ముందూ వెనకా దిమ్మలు పెట్టి, గాలి నిండాక ఇంజన్ ఆపి, పార్కింగ్ బ్రేకు విడవండి. గాలి నిండే బ్రేకు చాంబర్ ముఖం దగ్గర, దాన్నుంచి బయటికి వచ్చే పుష్ రాడ్ మీద సుద్దతో గీత గీయండి. గాలి ఒత్తిడి గేజీ 6 నుంచి 7 బార్ మధ్య ఉండగా ఒకరు పెడల్ పూర్తిగా తొక్కి పట్టాలి. గీత ఎంత దూరం జరిగిందో కొలవండి, అదే స్ట్రోక్. మామూలు 30 టైపు (సైజు) చాంబర్‌కు ఇది 51 మిల్లీమీటర్లు, 24 టైపుకు 44 దాటకూడదు. పొడవు స్ట్రోక్ చాంబర్లకు ఈ హద్దు వేరు, ఒంటి మీద గుర్తు చూసుకోండి. హద్దు లోపలే ఉన్నా ఎడమ 30, కుడి 45 వస్తే ఆ యాక్సిల్‌లో ఒక చక్రమే ఎక్కువ పని చేస్తోందని అర్థం.

తర్వాత పెడల్ వదిలేసి, పుష్ రాడ్‌ను క్యామ్ షాఫ్ట్‌కు కలిపి లైనర్-డ్రమ్ము సందును సర్దే స్లాక్ అడ్జస్టర్‌ను చేత్తోనో చిన్న ఇనుప బారుతోనో లైనర్ డ్రమ్ముకు తగిలేదాకా లాగండి. రాడ్ 12 నుంచి 16 మిల్లీమీటర్లు రావాలి. ఈ ఉచిత కదలిక సరిగ్గానే ఉండి, పెడల్ తొక్కినప్పటి స్ట్రోక్ మాత్రం ఎక్కువైతే లోపం అడ్జస్ట్‌మెంట్‌లో లేదు: బుష్‌లు (షాఫ్ట్ తిరిగే గొట్టపు తొడుగులు), పిన్నులు, చాంబర్ బ్రాకెట్ వీటిలో ఏదో సాగుతోంది. ఆటోమేటిక్ స్లాక్ అడ్జస్టర్ ఉన్న బండికి మాటిమాటికీ చేత్తో బిగించడం వైద్యం కాదు. అది తనంతట తాను సర్దుకోలేకపోతోందంటే అడ్జస్టరో, మిగతా బ్రేకో చెడింది.

మూడోది క్యామ్ షాఫ్ట్ వదులు. బ్రేకు వదిలేసి ఉండగా స్లాక్ అడ్జస్టర్ పక్కన షాఫ్ట్ కింద బారు పెట్టి పైకీ కిందికీ ఎత్తండి. సన్నటి కదలికను కొలిచే డయల్ గేజీ పెడితే కదలిక ముప్పాతిక మిల్లీమీటరు దాటకూడదు. దాటితే బుష్‌లు, సీళ్లు మార్చాలి. కీచుకు వచ్చిన పాత బండ్లలో ఎక్కువగా వదిలేసేది ఇదే. క్యామ్ ఊగితే పై షూ ఒక కోణంలో, కింది షూ ఇంకో కోణంలో డ్రమ్మును తాకుతాయి. ఎంత ఖరీదైన లైనర్ వేసినా ఒక అంచే అరుగుతుంది.

విప్పేటప్పుడు

వెనక చాంబర్లు పార్కింగ్ స్ప్రింగు ఉన్న జంట చాంబర్లైతే, గాలి నిండుగా ఉండి పార్కింగ్ విడిచి ఉన్నప్పుడే కేజింగ్ బోల్ట్ వేసి స్ప్రింగును బంధించండి. ఆ స్ప్రింగు ఉన్న గదికి చుట్టూ ఉండే పట్టీని ఎట్టి పరిస్థితిలోనూ విప్పకండి. లోపలి స్ప్రింగు మనిషిని చంపేంత జోరుతో బయటికి వస్తుంది. పట్టీ తుప్పు పట్టి పల్చబడితే చాంబర్‌ను ముక్కలు చేయకుండా మొత్తంగా మార్చాలి. జాకీ మీద మాత్రమే నిలబెట్టి పని చేయకూడదు, యాక్సిల్ కింద స్టాండ్లు ఉండాలి.

డ్రమ్ము రాకపోతే సుత్తితో బాదకండి, పోత ఇనుము పగులుతుంది. అంచున కట్టిన గట్టుకు షూలు తగులుకుని ఉంటాయి. స్లాక్ అడ్జస్టర్‌ను వెనక్కి తిప్పి షూలను దగ్గరకు రానిస్తే వచ్చేస్తుంది. మాన్యువల్ రకమైతే లాక్ స్లీవ్‌ను (సర్దే బోల్టు మీది తొడుగును) స్పానర్‌తో లోపలికి నొక్కి తిప్పాలి. పాల్ (పళ్లను పట్టి ఉంచే కొక్కెం) ఉన్న ఆటోమేటిక్ రకమైతే పాల్ తీయకుండా బలవంతంగా తిప్పితే లోపలి పళ్లు పోతాయి.

లోపలి పొడిని గాలి పైపుతో ఊదడం చాలా చోట్ల అలవాటు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, దాన్ని పీల్చకూడదు. తడి గుడ్డతో తుడవండి, లేదా బ్రేక్ క్లీనర్ కొట్టి కింద ట్రేలో పట్టండి.

సుద్ద పరీక్ష

ఇది ఖర్చు లేని పని, పావుగంట పని, మీ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పే పని.

డ్రమ్ము లోపలి ముఖాన్ని పొడి గుడ్డతో తుడిచి, సుద్దముక్కను అడ్డంగా పట్టుకుని ముఖమంతా పలచగా, తెల్లటి పూత పడేలా రుద్దండి. డ్రమ్ము ఎక్కించి, స్లాక్ అడ్జస్టర్‌ను లైనర్ కాస్త ఒరుసుకునేదాకా బిగించి, చేత్తో చక్రాన్ని ఒకటి రెండు చుట్లు తిప్పండి. అడ్జస్టర్ వదిలేసి డ్రమ్ము తీసి లైనర్ చూడండి. తెలుపు అంటిన చోటే లైనర్ పని చేస్తోంది.

లైనర్ ముఖమంతా తెల్లబడి, నడుమ కాస్త ఎక్కువ అంటితే బాగున్నట్టే. నడుమ మాత్రమే అంటి రెండు కొసలూ నల్లగా మిగిలితే డ్రమ్ము అరిగి పెద్దదైంది, లైనర్ వంపు చిన్నది. కొసలు మాత్రమే అంటి నడుమ నల్లగా ఉంటే షూ సాగి నోరు తెరిచింది, లేదా డ్రమ్ముకు సరిపడని పెద్ద వంపు లైనర్ పడింది. ఇవి మొదటి రోజు నుంచే కీచుమంటాయి, బ్రేకు కూడా గుంజినట్టు పడుతుంది. ఒక పక్క అంచు పొడవునా గీతలా అంటితే క్యామ్ బుష్, హబ్ బేరింగ్ వదులు, లేదా గంట మూతిలా ఒక వైపు విచ్చుకున్న డ్రమ్ము కారణం.

వారం నిశ్శబ్దంగా ఉండి తర్వాత మొదలైందన్నారు కాబట్టి మీ బండిలో కొసల తగులు కన్నా నడుమ తగులో, ఒక అంచు తగులో కనపడే అవకాశం ఎక్కువ. నడుమ తగులు అయితే డ్రమ్ము కొలత చూడండి. అది హద్దులో ఉంటే లైనర్‌ను 80 నంబరు ఎమెరీతో సమంగా రుద్ది, కింద చెప్పిన పద్ధతిలో మళ్లీ కుదురు పట్టించాలి. డ్రమ్ము కోయించి పెద్దదైతే దానికి ఓవర్‌సైజ్ లైనర్లు దొరుకుతాయి, మామూలువి వేయకూడదు. ఒక అంచు తగులు అయితే లైనర్‌ను ముట్టుకోకముందే బుష్‌లు, బేరింగ్ సరిచేయాలి. హబ్ బేరింగ్ ఎండ్ ప్లే (హబ్ లోపలికీ బయటికీ కదిలే కదలిక) డయల్ గేజీ మీద 0.025 నుంచి 0.127 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. చేత్తో ఊపి చూస్తే చెప్పలేనంత చిన్న కొలత ఇది.

షూ, రివెట్లు

పాత లారీ షూలకు ఎన్నిసార్లు లైనర్ మారిందో ఎవరూ లెక్క పెట్టరు. ప్రతి మార్పుకూ పాత లైనర్ తీసి, షూని పైపైన గీకి కొత్తది వేస్తారు. షూ పళ్లెం మీద మిగిలిన తుప్పు ఆ తర్వాత లైనర్ కిందే పెరుగుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి లైనర్‌ను రివెట్ల మధ్య పైకి ఎత్తేస్తుంది. లైనర్ ఉబ్బిన చోటే డ్రమ్ముకు తగులుతుంది, చివరికి రివెట్ దగ్గర పగులుతుంది. పక్క నుంచి చూస్తే లైనర్‌కూ షూకీ మధ్య ఎర్రటి గీత కనపడుతుంది. పావు మిల్లీమీటరు మందపు ఫీలర్ రేకు ఆ సందులో దూరితే ఆ లైనర్ తీసేయాల్సిందే.

సరైన పని ఇదీ: షూని షాట్ బ్లాస్ట్ చేయించి (సన్నటి ఇనుప గుండ్లు జోరుగా కొట్టించి తుప్పు రాల్చి), పళ్లెం బోసిగా మెరిశాక తుప్పు పట్టని రంగు పలచగా వేసి ఆరాక లైనర్ పెట్టాలి. రివెట్లు నడుమ నుంచి మొదలుపెట్టి కొసల వైపు వేసుకుంటూ పోవాలి. కొసల నుంచి నడుమకు వేస్తే మధ్యలో లైనర్ పైకి లేచి అలాగే బిగుసుకుంటుంది. సుత్తితో ఒక్కోటీ ఒక్కో బలంతో కొట్టిన రివెట్ కన్నా ప్రెస్సుతో వేసింది నమ్మకం. వేశాక ఒక్కో రివెట్ పక్కన వేలు పెట్టి చిన్న సుత్తితో తట్టండి. వదులుగా ఉన్నది వేలికి కదిలినట్టు తెలుస్తుంది. ఆ ఒక్క రివెట్టే కీచుకు చాలు.

షూ వెబ్‌లో (పళ్లేన్ని మోసే నిలువు రేకులో) పిన్ను రంధ్రం కోడిగుడ్డులా సాగిందా, క్యామ్ మీద దొర్లే రోలర్ కూర్చునే గాడి అరిగిందా చూడండి. షూ నోరు తెరిచిందో లేదో కొత్త షూ పక్కన పెట్టి పిన్ను కొస నుంచి రోలర్ కొసకు కొలిస్తే తెలుస్తుంది. ఎక్కువైతే ఆ షూకి లైనర్ వేయడం వృథా. దాన్ని వంచి సరిచేయడం కూడా కుదరదు, షూ మార్చాలి.

చాలా లారీల్లో ఒక్కో షూకి రెండు లైనర్ ముక్కలు ఉంటాయి, పిన్ను వైపుది, క్యామ్ వైపుది. మందం ఒక కొస నుంచి ఇంకో కొసకు మారుతుంటుంది, రంధ్రాల వరస కూడా వేరు. ఇవి తారుమారైతే తగులు చెడుతుంది. లైనర్ పక్క అంచున ముద్రించిన రెండు అక్షరాల కోడ్ కూడా చూడండి. మొదటి అక్షరం చల్లగా ఉన్నప్పటి ఘర్షణ, రెండోది వేడెక్కాక. 'ఈ' అంటే 0.25 నుంచి 0.35, 'ఎఫ్' అంటే 0.35 నుంచి 0.45, 'జీ' అంటే 0.45 నుంచి 0.55. ఒక యాక్సిల్‌లో రెండు చక్రాలకూ ఒకే కంపెనీ, ఒకే కోడ్ ఉండాలి. ఎడమ ఎఫ్ఎఫ్, కుడి జీజీ వేస్తే బండి ఒక పక్కకు లాగుతుంది. జీజీ వైపు కీచుమనే అవకాశమూ ఎక్కువ.

లైనర్ నూనెలో తడిసి ఉంటే దాన్ని పెట్రోలుతో కడగడం, నిప్పుతో కాల్చడం రెండూ చేయకండి. పైన ఆరినట్టు కనపడుతుంది, వేడెక్కగానే లోపల పీల్చుకున్నది మళ్లీ పైకి వస్తుంది. ఒక చక్రమే తడిసినా ఆ యాక్సిల్ రెండు వైపులా మార్చాలి. ఎక్కడి నుంచి వచ్చిందో చూడకుండా మాత్రం మార్చకండి. పలచటి గేర్ ఆయిల్ డ్రమ్ము చుట్టూ చిమ్మినట్టు ఉంటే హబ్ సీల్. చిక్కటి గ్రీజు క్యామ్ తల చుట్టూ ముద్దలా ఉండి, క్యామ్ దగ్గరి లైనర్ కొస మాత్రమే తడిసి ఉంటే క్యామ్ సీల్.

ఆ సీల్ గురించి ఒక్క మాట. క్యామ్ షాఫ్ట్ గొట్టంలో రెండు కొసలా ఉండే సీళ్ల పెదవులు రెండూ స్లాక్ అడ్జస్టర్ వైపే తిరిగి ఉండాలి. ఎదురెదురుగా వేయాలనిపిస్తుంది చూసినవాళ్లకు, అది తప్పు. అలా స్లాక్ వైపు తిరిగి ఉంటే గ్రీజు గన్ కొట్టినప్పుడు పాత గ్రీజు అడ్జస్టర్ వైపు బయటికి వస్తుంది. క్యామ్ వైపు సీల్ తిరగబడి పడితే మీరు శ్రద్ధగా కొట్టిన ప్రతి గన్ను లైనర్ మీదికే పోతుంది. అడ్జస్టర్ వైపు కొత్త గ్రీజు కనపడగానే ఆపండి. ఎంత కొట్టినా అటు రాకపోతే ఇంకా కొట్టకుండా లోపల చూడాలి.

డ్రమ్ము

డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం పోతపోసి ఉంటుంది, అదే మీకు లెక్క. ఉదాహరణకు 419.1 మిల్లీమీటర్ల డ్రమ్మును లేత్ మీద 421.1 వరకే కోయవచ్చు, 422.1 దాటితే పారేయాలి. మధ్యలో వదిలిన ఆ మిల్లీమీటరు తర్వాతి అరుగుదలకు. బయటి అంచు దగ్గర, లోపలి అంచు దగ్గర, ఒక్కోచోట అడ్డంగా నిలువుగా కొలవాలి. నాలుగూ ఒకటి కాకపోతే గుండ్రం తప్పింది లేదా మూతి విచ్చుకుంది. పల్చబడిన డ్రమ్ము సులభంగా మోగుతుంది కూడా, అందుకే హద్దు దగ్గరికొచ్చిన డ్రమ్ముతో కీచు మాన్పడం కష్టం.

ముఖం మీద సన్నటి వెంట్రుక పగుళ్ల వల అన్ని పాత డ్రమ్ములకూ ఉంటుంది, భయపడక్కర్లేదు. అంచుదాకా వెళ్లిన పగులు, గోరు దిగే పగులు ఉంటే డ్రమ్ము పని అయిపోయినట్టే. శుభ్రం చేసిన డ్రమ్మును వేలాడదీసి చిన్న సుత్తితో తడితే గంటలా మోగాలి. మూగగా "టప్" అంటే ఎక్కడో పగిలింది. నల్లటి, నీలి రంగు మెరిసే మచ్చలు వేరే సంగతి. విపరీతంగా వేడెక్కి చల్లారిన చోట ఇనుము గట్టిపడి కాస్త ఎత్తుగా నిలుస్తుంది. చుట్టుకు ఒకసారి కీచుమనిపించేవి ఇవే. లేత్ కత్తి వాటి మీద ఎగిరిపోతుంది. కోసిన వెంటనే నున్నగా కనపడ్డా కొద్ది రోజుల్లో మళ్లీ తేలతాయి. గ్రైండింగ్‌తో పోకపోతే డ్రమ్ము మార్చండి.

డ్రమ్ము కూర్చునే హబ్ అంచు మీద తుప్పు ముక్క మిగిలితే డ్రమ్ము రవ్వంత పక్కకు కూర్చుంటుంది, అదీ చుట్టుకు ఒకసారి చప్పుడే. వైర్ బ్రష్‌తో మెరిసేదాకా తోమడం రెండు నిమిషాల పని, అయినా ఎవరూ చేయరు.

స్ప్రింగులు, రోలర్లు

లైనర్ మార్చిన ప్రతిసారీ స్ప్రింగులు, రోలర్లు, పిన్నులు, బుష్‌లు కూడా కొత్తవి పడాలి. "స్ప్రింగు బాగానే ఉంది" అన్న మాటను నమ్మకండి. వేడికి స్ప్రింగు బలం పోతుంది, చూపుకి తెలియదు. ఊడదీసి కింద పెట్టినప్పుడు చుట్ల మధ్య వెలుగు కనపడితే అది సాగిపోయింది. నెల కిందట మీకు లైనర్లు వేసినప్పుడు ఇవన్నీ మార్చారా అని ముందు అడగండి. పాతవే బిగించి ఉంటే చప్పుడుకు అదే మొదటి అనుమానం.

రోలర్ మీద చదును పడిన మచ్చ ఉంటే అది తిరగడం మానేసి క్యామ్ మీద జారుతోంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, క్యామ్ తలకు గ్రీజు రాయడం. రాయకూడదు. రోలర్ ఇరుసు షూ వెబ్‌లో కూర్చునే చోట కొద్దిగా యాంటీ-సీజ్ (భాగాలు పట్టేయకుండా ఉంచే పేస్టు) రాయండి, పిన్నులకూ రాయండి. రోలర్ క్యామ్‌ను తాకే ముఖం మాత్రం పొడిగా ఉండాలి. గ్రీజు ఉంటే రోలర్ దొర్లకుండా జారి, చదును పడేది అందుకే. ఆ గ్రీజు తర్వాత లైనర్ మీదికీ చేరుతుంది.

ఇంత విప్పాక స్పైడర్ (షూలను మోసే బ్రాకెట్) బోల్టులు, దుమ్ము రేకు బోల్టులు, చాంబర్ బ్రాకెట్, పుష్ రాడ్‌ను స్లాక్ అడ్జస్టర్‌కు కలిపే క్లెవిస్ పిన్నులు కూడా ఒకసారి చూసేయండి.

లైనర్‌కు రంపంతో అడ్డగీతలు కోయడం పాత చిట్కా. వణుకు వేగం మారి కొన్నాళ్లు చప్పుడు తగ్గవచ్చు గానీ రివెట్ల మధ్య ముక్క బలహీనపడుతుంది, వద్దు. లైనర్ ముక్కల కొసలను ఆకురాయితో 45 డిగ్రీల ఏటవాలుగా మూడు నాలుగు మిల్లీమీటర్లు రుద్దడం వేరు, అది చేయవచ్చు, కొంత పని చేస్తుంది కూడా. డ్రమ్ములో కిరోసిన్, సబ్బునీళ్లు, నూనె చుక్కలు వేయించే "వైద్యం" జరిగితే చప్పుడు ఆగుతుంది, బ్రేకు కూడా ఆగుతుంది.

బిగించాక

మాన్యువల్ స్లాక్ అయితే లైనర్ డ్రమ్ముకు బిగిసేదాకా తిప్పి, అక్కడ నుంచి పావు నుంచి అర చుట్టు వెనక్కి తీయండి. మొదట చెప్పిన స్ట్రోక్ కొలతలు మళ్లీ తీసుకోండి. ఎడమ కుడి దాదాపు ఒకటి కావాలి. కేజింగ్ బోల్టులు తీయడం మర్చిపోతే పార్కింగ్ బ్రేకు పని చేయదు, ఇది నిజంగా మర్చిపోయే విషయమే.

ఆ తర్వాత కుదురు పట్టించడం. ఖాళీ రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల నుంచి పదికి మధ్యస్థంగా, గట్టిగా కాకుండా బ్రేకు వేసి, వదిలి, ఒక కిలోమీటరు చల్లారనిచ్చి మళ్లీ. ఓ ఇరవై సార్లు. కొత్త లైనర్ వేసిన బండిని ఖాళీగా తిప్పుతూ పెడల్ మీద కాలు ఆనించి సన్నగా గీస్తూ ఆపే డ్రైవరు వారంలో గాజు పొర కట్టిస్తాడు. మీ బండికి కూడా ఈ అలవాటు ఉందేమో చూసుకోండి. ఉంటే, పైవన్నీ సరిచేసినా కొంత కీచు మిగలవచ్చు. బ్రేకు వేయాల్సి వస్తే నికరంగా వేసి వదలాలి.

80 నుంచి 160 కిలోమీటర్లు నడిచాక చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించి, ఆ పనిలోనే స్ట్రోక్ ఇంకోసారి కొలవండి. అప్పటికి లైనర్ కూర్చుంటుంది కాబట్టి మాన్యువల్ అడ్జస్టర్ కాస్త బిగించాల్సి రావచ్చు. ఆ రోజే థర్మామీటరుతో రెండు డ్రమ్ముల వేడి కూడా చూసి రాసి పెట్టుకోండి. మళ్లీ ఎప్పుడైనా చప్పుడు వస్తే పోల్చుకోవడానికి ఆ అంకెలు ఉంటాయి.